తొట్టిలో సునామీ: ‘అనుకొనుము’ అనే మాటకు విలువ ఎంత?

ఈ నెల సైన్స్ పాఠం – తల్లిదండ్రుల కోసం



మీలో చాలామంది తెలుగు మీడియంలో చదువుకున్నవారే. లెక్కల పుస్తకంలో సాధన ఎలా మొదలయ్యేదో గుర్తుందా? ‘రాము వయస్సు x సంవత్సరాలు అనుకొనుము’. ఆ వాక్యం రాసేశాక మళ్లీ దానివైపు చూసేవాళ్లం కాదు. చివర వచ్చిన జవాబు పుస్తకం వెనక ఇచ్చిన అంకెతో కలిసిందా లేదా, అదొక్కటే చూసుకునేవాళ్లం. ఇప్పుడు మన పిల్లలు అదే మాటను ఇంగ్లిష్‌లో ‘లెట్ x బీ’ అని రాస్తున్నారు. వాళ్లూ మనలాగే జవాబు దగ్గరికి పరుగు తీస్తున్నారు.

ఈ నెల పాఠం ఆ ‘అనుకొనుము’ గురించే. దానికి మేం ఎంచుకున్న అంశం, కొండచరియలు నీళ్లలోకి విరిగిపడితే పుట్టే సునామీలను ల్యాబ్‌లో ఎలా తయారుచేసి కొలుస్తారు అనేది. ఇందులో రెండు ప్రయోగాల కథ ఉంది. ఒకటి ప్రమాదం జరిగిన నలభై ఏళ్ల తర్వాత చేసినది. దాని ఫలితం నిజంగా జరిగినదానితో దాదాపు అచ్చుగా సరిపోయింది. రెండోది ప్రమాదానికి ముందే చేసినది. ‘ఈ మట్టం వరకు భయం లేదు’ అని అది చెప్పింది. ఆ తర్వాత సుమారు 2,000 మంది చనిపోయారు. రెండింటినీ చేసింది బాగా చదువుకున్న ఇంజినీర్లే. రెండింటిలోనూ నీళ్లున్నాయి, రాళ్లున్నాయి, కొలతలున్నాయి. మరి తేడా ఎక్కడ వచ్చింది?

చదివాక, ఆదివారం పూట మీ పిల్లలతో కలిసి చేయడానికి చివర్లో ఒక చిన్న ప్రయోగం కూడా ఇచ్చాం.

సునామీ అంటే భూకంపం ఒక్కటేనా?

సునామీ అనగానే మనకు 2004 డిసెంబర్ 26 గుర్తొస్తుంది. సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చింది. అక్కడ పుట్టిన అలలు బంగాళాఖాతం దాటి మన తీరాన్నీ తాకాయి. అందుకే ‘భూకంపం వస్తే సునామీ వస్తుంది’ అని పిల్లలు రాస్తారు, మార్కులూ పడతాయి. అది తప్పు కాదు, కానీ సగం జవాబే.

నీళ్లు ఉన్నపళంగా పక్కకు జరగాలి, అంతే. భూకంపం సముద్రపు అడుగును ఎత్తి నీటిని జరిపినా, ఒక కొండ పక్క విరిగి సరస్సులో పడి నీటిని తోసినా, అల పుడుతుంది. నిండు బకెట్‌లో చెంబు ముంచితే నీళ్లు పొర్లుతాయి కదా, సూత్రం అదే.

ఈ రెండు రకాలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పెద్ద భూకంపం వందల కిలోమీటర్ల పొడవునా సముద్రపు అడుగును కదిలిస్తుంది. అందుకే ఆ అల వేల కిలోమీటర్లు వెళ్లినా బలం మిగిలి ఉంటుంది. కొండ జారిపడినప్పుడు కదిలే చోటు చిన్నది, కానీ దెబ్బ పెద్దది. కాబట్టి దగ్గర్లో అల భయంకరమైన ఎత్తుకు లేస్తుంది, దూరం వెళ్లేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. ఇరుకైన కొండల మధ్య ఉన్న సరస్సు, జలాశయం, సముద్రపు పాయ లాంటి చోట్ల మాత్రం అది పక్కలకు విస్తరించి చల్లారే వీలుండదు.

524 మీటర్లు: ఎవరూ వెంటనే నమ్మలేని అంకె

అమెరికాలోని అలాస్కా తీరంలో లిటుయా బే అనే ఇరుకైన సముద్రపు పాయ ఉంది. 1958 జులై 9 రాత్రి అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆ కుదుపుకు పాయ లోపలి చివర నిట్రంగా ఉన్న కొండ నుంచి సుమారు 3 కోట్ల క్యూబిక్ మీటర్ల రాతి ముక్క విడిపోయి నీళ్లలో పడింది. ఆ రాళ్లలో కొన్ని 900 మీటర్లకు పైబడిన ఎత్తు నుంచి వచ్చాయి.

నీరు ఎదురుగా ఉన్న కొండ వాలు మీదికి 524 మీటర్ల ఎత్తు వరకు ఎగబాకింది. అంటే సుమారు 150 అంతస్తుల భవనమంత. ఆ ఎత్తు వరకు ఉన్న అడవి మొత్తం వేళ్లతో సహా కొట్టుకుపోయి, కింది బండ బయటపడింది. పైన పచ్చటి చెట్లు, కింద బోడి రాయి, మధ్యలో కత్తితో కోసినట్టు ఒక గీత. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త డాన్ మిల్లర్ ఆ గీతను కొలిచి, 1960లో వివరంగా ప్రచురించారు. ఆ రాత్రి పాయలో మూడు చిన్న పడవలు లంగరు వేసి ఉన్నాయి. ఒక పడవలోని ఇద్దరు చనిపోయారు. మిగతా రెండు పడవల్లోని వాళ్లు, ఒక తండ్రి, అతని చిన్న కొడుకుతో సహా, ప్రాణాలతో బయటపడ్డారు.

ఇక్కడ పిల్లలు తరచూ పొరబడే విషయం ఒకటి చెప్పాలి. 524 మీటర్లు నీళ్ల మధ్యలో నిలబడ్డ అల ఎత్తు కాదు. అల వెళ్లి వాలును గుద్దుకున్నాక, నీరు ఆ వాలు మీద ఎక్కిన ఎత్తు. నీటి మీద కదులుతున్నప్పుడు అల ఎత్తు 150 మీటర్ల ప్రాంతంలో ఉండి ఉంటుందని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. ఈ రెండు ఎత్తుల తేడా తెలిస్తే, వార్తల్లో వచ్చే సగం గందరగోళం తీరిపోతుంది.

కానీ అప్పట్లో అసలు ప్రశ్న వేరే. కొండ ముక్క పడినంత మాత్రాన నీరు అంత ఎత్తు ఎక్కగలదా? లేక మరేదైనా కారణం ఉందా? కళ్లతో చూసినవాళ్లు కొద్దిమందే, అదీ చీకటి పడుతున్న వేళ. ఆ కొండను మళ్లీ పడేసి చూడలేం. చిన్నది చేసి చూడడం ఒక్కటే దారి.

కొండను ల్యాబ్‌లోకి తేవడం

చిన్నది చేయడం అంటే థర్మోకోల్‌తో బొమ్మ కట్టడం లాంటిదే అనిపిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నిటినీ ఒకే సంఖ్యతో భాగిస్తే సరిపోతుంది కదా! బొమ్మకైతే సరిపోతుంది. కదిలే నీటికి సరిపోదు. ఎందుకంటే కాలం కూడా చిన్నది కావాలి, అది అదే సంఖ్యతో చిన్నది కాదు.

పదో తరగతి లోపు పిల్లలు కూడా చేయగలిగే లెక్క చూడండి. 914 మీటర్ల ఎత్తు నుంచి ఒక రాయిని వదిలితే, గాలి నిరోధం లేదు అనుకుంటే, కింద పడడానికి సుమారు 13.7 సెకన్లు పడుతుంది. ఆ ఎత్తును 675 రెట్లు తగ్గిస్తే 1.35 మీటర్లు వస్తుంది. అంత ఎత్తు నుంచి రాయి పడడానికి పట్టేది సుమారు 0.53 సెకన్లు. ఎత్తు 675 రెట్లు తగ్గింది. కాలం మాత్రం 26 రెట్లే తగ్గింది. 26 అంటే దాదాపు 675కు వర్గమూలం. గురుత్వాకర్షణ నడిపే కదలికలన్నిటికీ ఈ వర్గమూలం నియమం వర్తిస్తుంది. అలలను నడిపేదీ గురుత్వాకర్షణే. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ ఇంజినీరు విలియం ఫ్రూడ్, ఓడల చిన్న నమూనాలను నీటి తొట్టిలో లాగి పరీక్షిస్తూ ఈ పద్ధతిని స్థిరపరిచారు. అందుకే దీన్ని ఫ్రూడ్ నియమం అంటారు.

సినిమాల్లో చిన్న బొమ్మ ఓడను తొట్టిలో తేల్చి తుపానులో చిక్కుకున్న పెద్ద ఓడలా చూపించేటప్పుడు, కెమెరాను వేగంగా నడిపి, తెర మీద నెమ్మదిగా చూపిస్తారు. అలా చేయకపోతే అది బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ కెమెరామన్ చేసేదీ ఈ లెక్కే.

స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెర్మన్ ఫ్రిట్జ్, విల్లి హేగర్, హాన్స్-ఎర్విన్ మైనర్ అనే ముగ్గురు లిటుయా బేను 1:675 స్కేలుకు కుదించి పరీక్షించారు. ఆ ఫలితాలు 2001లో వచ్చాయి. అసలు కొలతలు ల్యాబ్‌లో ఎలా మారాయో చూడండి:

• రాళ్లు జారిన గరిష్ఠ ఎత్తు: 914 మీటర్లు – ల్యాబ్‌లో 1.35 మీటర్లు
• నీటి లోతు: 122 మీటర్లు – ల్యాబ్‌లో 18 సెంటీమీటర్లు
• ఎదుటి వాలు మీద నీరు ఎక్కిన ఎత్తు: 524 మీటర్లు – ల్యాబ్‌లో సుమారు 78 సెంటీమీటర్లు
• రాళ్లు నీటిని తాకిన వేగం: సెకనుకు 110 మీటర్లు – ల్యాబ్‌లో సెకనుకు సుమారు 4.2 మీటర్లు
• ఒక నిమిషం – ల్యాబ్‌లో సుమారు 2.3 సెకన్లు

మొదటి మూడు 675తో భాగించినవి. చివరి రెండు 26తో భాగించినవి. మీ పిల్లల చేత ఒక్కసారి క్యాలిక్యులేటర్ మీద సరిచూడమనండి. ఇంకో సరదా లెక్క ఉంది. 3 కోట్ల క్యూబిక్ మీటర్ల కొండను ఇదే స్కేలులో కుదిస్తే ఎంత అవుతుంది? ఈసారి 675ను మూడుసార్లు గుణించి, దాంతో భాగించాలి. జవాబు సుమారు 100 లీటర్లు. అంత పెద్ద కొండ ముక్క మన ఇళ్లలో ఉండే 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో సగానికి వచ్చేస్తుంది!

రాయి వెనక గాలి గుంత

జూరిచ్ ప్రయోగంలో నిజమైన రాళ్లు వాడలేదు. 4 మిల్లీమీటర్ల కృత్రిమ గుళికలను, రాతికి దగ్గరగా ఉండే సాంద్రతతో తయారుచేసినవాటిని వాడారు. వాటిని వాలు మీద ఊరికే వదిలేయలేదు. గాలి ఒత్తిడితో తోసే యంత్రంతో, కావలసిన వేగంతో, కావలసిన మందంతో ప్రయోగించారు. ఎందుకంటే వేగం, మందం రెండూ విడివిడిగా మార్చి చూస్తేనే దేని వల్ల అల ఎంత పెరుగుతోందో తెలుస్తుంది. తొట్టికి గాజు గోడలు. నీటిలో కలిపిన సన్నటి రేణువుల మీద లేజర్ కాంతిని పలుచని పొరలా పరిచి, కెమెరాలతో వరసగా ఫొటోలు తీశారు. ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మధ్య ఏ రేణువు ఎంత కదిలిందో చూస్తే, నీటిలో ప్రతి చోటా వేగం తెలిసిపోతుంది.

ఫలితం? ఎదుటి వాలు మీద నీరు ఎక్కిన ఎత్తును అసలు కొలతలోకి మారిస్తే 526 మీటర్లు వచ్చింది. మిల్లర్ అడవిలో కొలిచినది 524.

ఇంకా విలువైన సంగతి ఫొటోల్లో బయటపడింది. రాళ్లు ఎంత వేగంగా నీళ్లలోకి దూసుకెళ్లాయంటే, వెనక ఖాళీ అయిన చోటును పూడ్చడానికి నీటికి సమయం చాలలేదు. రాళ్ల వెనక ఒక పెద్ద గాలి గుంత ఏర్పడింది. అంటే పక్కకు జరిగిన నీరు రాళ్ల పరిమాణమంతే కాదు, రాళ్లు, గాలి గుంత రెండూ కలిసినంత. అల అంత పెద్దది కావడానికి అదొక ముఖ్య కారణం. అలాస్కాలో ఆ రాత్రి ఎవరూ చూడలేని ఈ దృశ్యం తొట్టిలో కనిపించింది.

ఇంత బాగా సరిపోయినా, ఈ ప్రయోగానికీ హద్దులున్నాయి. తొట్టి వెడల్పు అర మీటరే. అంటే కేకును నిలువునా కోసిన ముక్కలాగా, పాయలో ఒక నిలువు కోతను మాత్రమే పరీక్షించారు. అల పక్కలకు ఎలా విస్తరిస్తుందో అందులో తెలియదు. మరో హద్దు నీటిదే. నీటి బొట్టు తామరాకు మీద గుండ్రంగా నిలవడానికి కారణమైన తలతన్యత పెద్ద అలలో లెక్కలోకి రాదు, చిన్న తొట్టిలో మాత్రం తన ప్రభావం చూపుతుంది. నీటి లోతు సుమారు 20 సెంటీమీటర్లకు తగ్గితే ఇలాంటి దోషాలను జాగ్రత్తగా చూడాలని అదే జూరిచ్ ల్యాబ్ పరిశోధకులు 2008లో చూపించారు. లిటుయా నమూనాలో లోతు 18 సెంటీమీటర్లు. అంటే హద్దు దగ్గరే ఉంది. అందుకే మంచి ప్రయోగ నివేదికలో ఫలితంతో పాటు ‘మేం ఇలా అనుకున్నాం, మా నమూనా ఇంతవరకే పనికొస్తుంది’ అని రాస్తారు.

ఆ వాక్యాన్ని పక్కన పెడితే ఏమవుతుందో ఇటలీ కథ చెబుతుంది.

‘700 మీటర్ల వరకు భయం లేదు’

ఉత్తర ఇటలీ కొండల్లో వాయోంట్ అనే లోయకు అడ్డంగా సుమారు 262 మీటర్ల ఎత్తయిన ఆనకట్ట కట్టారు. ఆ కాలానికి ప్రపంచంలోని అతి ఎత్తయిన ఆనకట్టల్లో అదొకటి. జలాశయం నిండుతుండగా పక్కనున్న మోంటే టోక్ కొండ కదలడం మొదలైంది. 1960 నవంబర్‌లో దాని నుంచి సుమారు 7 లక్షల క్యూబిక్ మీటర్ల మట్టి, రాళ్లు నీళ్లలో పడ్డాయి. కొండ మీద దాదాపు 2 కిలోమీటర్ల పొడవున ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరం ఆకారంలో పగులు ఏర్పడింది.

కొండ ఇంకా పడితే ఎంత అల వస్తుంది? ఇది తెలుసుకోవడానికి పడువా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఆగుస్తో గెట్టి ఆధ్వర్యంలో 1:200 స్కేలులో జలాశయం మొత్తానికి ఒక నమూనా కట్టారు. కొండకు బదులుగా కంకరను జార్చి, అలలను కొలిచారు. 1962లో నివేదిక ఇచ్చారు. జలాశయంలో నీటిని సముద్ర మట్టానికి 700 మీటర్ల స్థాయిలో ఉంచితే, ఊహించగల అతి పెద్ద జారుడు వచ్చినా ప్రమాదం ఉండదన్నది దాని సారాంశం. ఆనకట్ట అంచుకు అది సుమారు పాతిక మీటర్లు దిగువ.

1963 సెప్టెంబర్ మొదట్లో నీటిని 710 మీటర్ల దాకా పెంచారు. కొండ కదలిక వేగం పుంజుకోవడంతో మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. అక్టోబర్ 9 రాత్రికి నీటిమట్టం సరిగ్గా ఆ ‘భయం లేని’ 700 మీటర్ల దగ్గర ఉంది. రాత్రి 10 గంటల 39 నిమిషాలకు కొండ జారింది. సుమారు 27 కోట్ల క్యూబిక్ మీటర్లు, ఒక్క పెట్టున. నీరు ఆనకట్ట మీదుగా వంద మీటర్లకు మించిన ఎత్తున దూకి, కింద లోయలో నిద్రపోతున్న లొంగరోనె పట్టణం మీద పడింది. ఆ పట్టణం, చుట్టుపక్కల ఊళ్లు కలిపి సుమారు 2,000 మంది చనిపోయారు. ఆనకట్ట మాత్రం పెద్దగా దెబ్బతినలేదు. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

నమూనాలో తప్పు ఎక్కడ ఉంది? నీటిలో లేదు. స్కేలులో లేదు. కొలతల్లో లేదు. మూడు ‘అనుకొనుము’ల్లో ఉంది.

ఒకటి, పరిమాణం. నమూనాలో 4 కోట్ల క్యూబిక్ మీటర్లు జారుతుంది అనుకున్నారు. పడింది 27 కోట్లు. అక్కడ పాత కాలపు పెద్ద కొండ జారుడు ఒకటి ఉందని ఎడోర్డో సెమెంజా అనే యువ భూగర్భ శాస్త్రవేత్త, మరో సహచరుడితో కలిసి 1960లోనే చెప్పారు. కదులుతున్నది 20 కోట్ల క్యూబిక్ మీటర్లు ఉండవచ్చని లియోపోల్డ్ ముల్లర్ అనే నిపుణుడు 1961లోనే అంచనా ఇచ్చారు. ఆ అంకెలు తొట్టి దాకా రాలేదు.

రెండు, పదార్థం. విడివిడిగా దొర్లే కంకరను వాడారు. నిజంలో కొండ ముక్క విడిపోకుండా, ఒకే పలకలా, కింది బంకమట్టి పొరల మీద జారింది.

మూడు, వేగం. జారుడు రెండు భాగాలుగా, కాస్త నెమ్మదిగా వస్తుంది అనుకున్నారు. అంతా కలిసి ఒకేసారి, సెకనుకు 20 మీటర్లకు పైగా వేగంతో వచ్చింది.

ఆ కాలంలో ఈ శాస్త్రం ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది, కాబట్టి ఇప్పుడు కూర్చుని ఎవరినో తప్పుపట్టడం తేలిక. కానీ ఒక విషయం మాత్రం మనం నేర్చుకోవాలి. ప్రయోగం చెప్పింది ‘4 కోట్ల క్యూబిక్ మీటర్ల కంకర ఈ వేగంతో జారితే, 700 మీటర్ల మట్టం వరకు భయం లేదు’ అని. చేతులు మారేసరికి ముందు భాగం పోయి, ‘700 మీటర్ల వరకు భయం లేదు’ అన్నది మిగిలింది. నమూనా తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది. కొండ అడిగిన ప్రశ్న వేరు.

ఇప్పుడు ఏం చేస్తున్నారు?

నార్వేలో సముద్రపు పాయల పక్కన ఓక్నెస్ అనే కొండ వాలు ఏటా కొన్ని సెంటీమీటర్లు కదులుతోంది. ఆ దేశానికి పాత గాయం ఉంది. 1934లో టాఫ్యోర్డ్ అనే చోట ఇలాగే కొండ పడి లేచిన అలలకు 40 మంది చనిపోయారు. అందుకే అక్కడ పాయ మొత్తానికి 1:500 స్కేలులో నమూనా కట్టి, రకరకాల పరిమాణాలతో, కంప్యూటర్ లెక్కలతో పోలుస్తూ పరీక్షించారు. ఒక్క అంచనా పట్టుకుని కూర్చోకుండా, చిన్నది పడితే ఎంత, పెద్దది పడితే ఎంత అని విడివిడిగా చూశారు. నీరు ఏ వీధి దాకా రాగలదో ఆ లెక్కలు చెబుతాయి. ఎప్పుడు రాగలదో కొండ మీద పెట్టిన పరికరాలు చెబుతాయి. ఈ రెండూ కలిస్తేనే ఊరివాళ్లకు సైరన్ మోగించగలరు.

ఒకటి ఉండి రెండోది లేకపోతే? ఇండోనేషియాలోని అనక్ క్రకటౌ అగ్నిపర్వతం పక్క విరిగి పడితే ఎలాంటి సునామీ వస్తుందో శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టి 2012లోనే ప్రచురించారు. 2018 డిసెంబర్ 22 రాత్రి దాదాపు అలాగే జరిగింది. 400 మందికి పైగా చనిపోయారు. పెద్ద భూకంపం రాలేదు కాబట్టి, భూకంపం మీద ఆధారపడే హెచ్చరిక ముందుగా మోగలేదు.

మన దేశానికీ ఇది దూరపు కథ కాదు. 2023 అక్టోబర్ 3 రాత్రి సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సులోకి పక్కనున్న గడ్డకట్టిన రాళ్ల, మట్టి గుట్ట జారింది. సుమారు 20 మీటర్ల అల లేచి సరస్సు గట్టు తెగింది. ఆ వరదకు చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది.

ఇక మన ఇంటి దగ్గరి సంగతి. భారత సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది హైదరాబాద్‌లోనే, ఇంకాయిస్ అనే సంస్థలో. 2004 సునామీ తర్వాత, 2007లో అది మొదలైంది. భూకంప పరికరాలతో పాటు సముద్ర మట్టాన్ని కొలిచే పరికరాల సమాచారమూ అక్కడికి చేరుతుంది. భూకంపం లేకుండా పుట్టే సునామీని పట్టుకోవడం ప్రపంచంలోని ఇలాంటి కేంద్రాలన్నిటికీ కష్టమైన పనే. మీ పిల్లల్లో ఎవరికైనా ఫిజిక్స్, జియాలజీ, కంప్యూటర్ సైన్స్ మూడూ ఇష్టమైతే, వాళ్ల కోసం ఎదురుచూస్తున్న పని ఇదొకటి ఉందని చెప్పండి.

ఆదివారం ప్రయోగం: మీ ఇంట్లో వాయోంట్

కావలసినవి: దీర్ఘచతురస్రాకారంలో ఉన్న ప్లాస్టిక్ టబ్ ఒకటి, పరీక్ష ప్యాడ్ ఒకటి, అర కిలో చిన్న కంకర, ఒక గట్టి పాలిథిన్ కవర్, న్యూస్ పేపర్ ముక్కలు, స్కేలు, ఫోన్ కెమెరా.

1. టబ్‌లో 8 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోయండి. ఒక చివర పరీక్ష ప్యాడ్‌ను ఏటవాలుగా ఆనించండి. అదే మీ కొండ. ఎదుటి గోడ లోపలివైపు, నీటి అంచుకు కాస్త పైనుంచి న్యూస్ పేపర్ ముక్క అంటించండి. నీరు ఎంతవరకు ఎక్కిందో తడి గీత చెబుతుంది. మిల్లర్ అడవిలో చూసిన గీత ఇలాంటిదే.

2. మొదట కంకరను ప్యాడ్ మీద నుంచి విడిగా, మెల్లగా జార్చండి. తడి గీత ఎత్తు కొలిచి రాసుకోండి.

3. పేపర్ మార్చి, నీటి లోతు మళ్లీ సరిచేసి, అదే కంకరను కవర్‌లో బిగించి కట్టండి. అదే ఎత్తు నుంచి ఒకే ముద్దగా వేగంగా జార్చండి. మళ్లీ కొలవండి.

4. ప్రతిదీ కనీసం ఐదుసార్లు చేసి సగటు తీయండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, ముద్ద నీటిని తాకిన చోట ఏం జరుగుతోందో చూడండి.

5. మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద పిల్లల చేత రాయించండి: ‘దేనికి ఎక్కువ ఎత్తు వస్తుందని అనుకుంటున్నాను? ఎందుకు?’ తప్పు రాసినా కొట్టేయొద్దు. ఆ కాగితమే ఈ ప్రయోగంలో అన్నిటికంటే విలువైనది.

బరువు అదే, నీళ్లు అవే, టబ్ అదే. మారినవి ‘అనుకొనుము’లు మాత్రమే. దాంతో తడి గీత ఎంత మారిందో పిల్లలే చెబుతారు. ఒక జాగ్రత్త: నేల తడిసి జారుతుంది కాబట్టి, బాల్కనీలోనో పెరట్లోనో, పెద్దవాళ్లు పక్కనుండగానే చేయించండి.

భోజనాల దగ్గర అడగడానికి మూడు ప్రశ్నలు

ప్రాజెక్టు వర్క్ ఇచ్చిన రాత్రి మనం సాధారణంగా అడిగేవి ‘అయిందా?’, ‘ఎన్ని మార్కులకి?’. వాటితో పాటు ఇవి కూడా అడిగి చూడండి:

• ‘ఇందులో నువ్వు ముందే ఏమేం అనుకున్నావు?’
• ‘అందులో ఒకటి తప్పయితే నీ జవాబు ఎంత మారుతుంది?’
• ‘నువ్వు అనుకున్నది కాదు అని ఎవరైనా చెప్పారా? వాళ్ల మాట నీ లెక్కలో పెట్టావా?’

మూడో ప్రశ్న పిల్లలకు కాస్త కష్టం. పెద్దలకూ కష్టమే. వాయోంట్‌లో 20 కోట్ల అంకె చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్ల అంకెతో ఇంకొక్కసారి కంకర జార్చి చూసి ఉంటే, తొట్టిలో లేచిన అలే ఆ లోయకు ముందస్తు హెచ్చరిక అయి ఉండేదేమో.

మీ పిల్లల ప్రయోగం ఫొటోను, ఐదో అంశంలో రాయించిన కాగితాన్ని క్లాస్ టీచర్‌కు పంపండి. జవాబు తప్పిన కాగితాలనూ తప్పకుండా పంపండి. వాటిని మేం నోటీసు బోర్డు మీద పెడతాం.

– అకడమిక్ విభాగం, సైన్స్ బృందం